లేబర్ వార్డు తలుపు దగ్గర కరుణమ్మ సిస్టర్

కొత్త ఖద్దరుకి ఒక వాసన ఉంటుంది. గంజీ, పచ్చి దూదీ కలిసిన వాసన. నిన్న సౌదీలో, మేముండే జుబైల్‌లో మా తెలుగువాళ్ళు పంద్రాగస్టు కార్యక్రమానికని ఇండియా నుంచి తెప్పించిన చీరల కట్ట విప్పారు. ఏసీ గదిలో ఆ వాసన గుప్పుమనగానే కరుణమ్మ సిస్టర్ వచ్చి నా ఎదురుగా నిలబడ్డట్టయింది. స్వాతంత్ర్య పోరాటంలో స్త్రీల గురించి పది నిమిషాలు మాట్లాడమన్నారు నన్ను. ఎవరెవరి గురించి మాట్లాడాలో కూడా వాళ్ళే చెప్పారు, అన్నీ పాఠ్యపుస్తకాల్లో ఫోటోలున్న పేర్లే. తలూపి వచ్చేశాను గానీ, నేను మాట్లాడబోయేది ఏ పుస్తకంలోనూ ఫోటో లేని ఒక ఆయా గురించి. నచ్చకపోతే వచ్చే ఏడు ఇంకొకరిని పిలుచుకుంటారు, నాకేం నష్టం లేదు.

ఆ ఆయా కరుణమ్మ సిస్టర్‌కి మామ్మ. కరుణమ్మ సిస్టర్ నాకు ఇక్కడ మొదటి ఇన్‌చార్జి. నేను బాపట్ల నుంచి వచ్చి ఒక ప్రైవేటు ఆస్పత్రి లేబర్ వార్డులో చేరేనాటికి ఆవిడ అక్కడ పాతకాపు. నరసాపురం వైపు మనిషి. పొట్టిగా, నల్లగా, గొలుసుకి వేలాడే కళ్ళజోడుతో ఉండేది. కాన్పుకొచ్చిన అమ్మాయి అరిస్తే విసుక్కునే నర్సులంటే ఆవిడకి ఒళ్ళు మంట. "నొప్పి దానిది, నోరు దానిది. మజ్జిలో నీకేంటే?" అనేది. శుక్రవారం సెలవు నాడు హాస్టల్లో తెల్ల ఖద్దరు చీరకి గంజి పెట్టి, ఇస్త్రీ చేసి మరీ కట్టుకుని తిరిగేది. ఒకసారి నేను ఊరుకోలేక, "సిస్టర్, ఎలక్షన్లో నిలబడుతున్నారా?" అన్నాను. ఆవిడ నవ్వలేదు. "లీడర్లు మీటింగులకి కడతారమ్మా. మా మామ్మ డ్యూటీకి కట్టింది," అంది.

అలా తెలిసింది నాకు రాహేలమ్మ కథ. మిషన్ ఆస్పత్రిలో బెడ్‌పాన్లు కడిగి, రక్తపు గుడ్డలు ఉతికే ఆయా ఆవిడ. ఉప్పు సత్యాగ్రహం రోజుల్లో లాఠీదెబ్బలకి తలలు పగిలినవాళ్ళని ఆ ఆస్పత్రికే మోసుకొచ్చారట. వాళ్ళలో ఆడవాళ్ళూ ఉన్నారు. వాళ్ళ జుట్టులో గడ్డకట్టిన రక్తం కడిగింది రాహేలమ్మ. కడిగిన మర్నాడు ఎవరిదో ముతక ఖద్దరు చీర అడిగి తెచ్చుకుని, అది కట్టుకునే పనిలోకి వెళ్ళింది. అక్కడి డాక్టరు తెల్లదొరసాని. ఆ చీర మార్చుకునైనా రా, పనైనా మానెయ్ అంది. రాహేలమ్మ పని మానేసి, వెళ్ళి విదేశీ బట్టల కొట్టు ముందు అడ్డంగా కూర్చుంది. దేవుడు నియమించిన ప్రభుత్వాన్ని ఎదిరిస్తావా అని పాస్టరుగారు కేకలేశారు. భర్త ఇంట్లోకి రానివ్వనన్నాడు. పోలీసులు పట్టుకెళ్ళి జైల్లో వేశారు.

"క్షమాపణ చెప్తే వదిలేసేవోళ్ళంట ఆ రోజుల్లో," అంది కరుణమ్మ సిస్టర్. "దొరసాని సొయంగా జైలుకెళ్ళింది. ఆవిడ చెడ్డదేం కాదు, మా నాన్నకి పురుడు పోసిందావిడే. ఒక్క మాట చెప్పు రాహేలూ, ఇయ్యాలే విడిపిస్తాను, రేప్పొద్దున్న పనిలోకి రా అంది. మామ్మేమందో తెలుసా? ఏం తప్పు చేశానో చెప్పండి దొరసానిగారూ, అప్పుడు క్షమాపణ అడుగుతానూ అంది."

శిక్ష మొత్తం అనుభవించి వచ్చింది రాహేలమ్మ. ఆస్పత్రి పని మళ్ళీ దొరకలేదు. ముసలితనం దాకా ఊడ్పులకీ కోతలకీ కూలికి వెళ్ళి బతికింది. స్వాతంత్ర్యం వచ్చిన రోజున కూడా చేలోనే ఉందట. నాకు ఆ కథ విన్నప్పుడు గర్వం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. ఇంత చేసి ఏం మిగిలిందావిడకి అనుకున్నాను. ఆ ప్రశ్నకి జవాబు నా మీదికే వస్తుందని అప్పుడు తెలియదు.

ఇక్కడ ఆడవాళ్ళ వార్డులోకి మగవాళ్ళు అడుగుపెట్టాలంటే, డాక్టరైనా సరే, ముందు మేం కేకేస్తాం. లోపలివాళ్ళు ముసుగులు సర్దుకున్నాకే తలుపు తీస్తాం. లేబర్ గదిలో నొప్పులు పడే మనిషికి సర్దుకునే వ్యవధి ఎక్కడుంటుంది? ఒకరోజు మధ్యాహ్నం యజమాని బావమరిది, సూట్లేసుకున్న అతిథుల్ని నలుగురైదుగురిని వెంటబెట్టుకుని మా తలుపు దగ్గరికి వచ్చాడు. కొత్తగా వచ్చిన కాన్పు మంచాలు చూపిస్తాడట వాళ్ళకి. లోపల ఒక సౌదీ అమ్మాయి, తొలి కాన్పు, ఒంటి మీద దుప్పటి కూడా నిలవని స్థితి. నేను చేతులు రెండూ అడ్డంపెట్టి "మమ్‌నూ" అన్నాను, అంటే కుదరదని. ఆయన నవ్వి, "ఆస్పత్రి మాది," అని తలుపు తోశాడు. నేను లోపల్నుంచి తోశాను. అతిథుల ముందు ఆయన మొహం మీదే తలుపు పడింది. అరగంటకి ఆ అమ్మాయికి కొడుకు పుట్టాడు. వాళ్ళమ్మ నా నుదురు ముద్దుపెట్టుకుంది.

సాయంత్రానికల్లా కబురొచ్చింది. మర్నాడు పొద్దున డ్యూటీ అప్పగింతల దగ్గర అందరి ముందూ నేను క్షమాపణ చెప్పాలి, లేదంటే పాస్‌పోర్టు మీద ఫైనల్ ఎగ్జిట్ కొట్టి ఇంటికి పంపేస్తారు. ఊళ్ళో అమ్మకి వారం వారం డయాలసిస్ నా జీతం మీదే నడిచేది. ఆఫీసులో పనిచేసే హైదరాబాదు గఫార్ భాయ్ మంచిమనిషి, నా కోసం కాంటీన్‌కి వచ్చి మరీ చెప్పాడు. "ఒక్క సారీ చెప్పేయుర్రి సిస్టర్. ఏం పోతది? ఖలాస్ అయిపోతది."

నాకూ అదే సబబనిపించింది. కరుణమ్మ సిస్టర్ ఎదురుగా కూర్చుని అన్నం కలుపుతోంది. ఉక్రోషంగా అన్నాను: "మీ మామ్మ కథ వేరు సిస్టర్. తెల్లవాళ్ళు మనల్ని ఏలడానికొచ్చారు. ఇక్కడికి మనమే వచ్చాం, వీసా కోసం దేవుళ్ళాడి మరీ వచ్చాం."

ఆవిడ చెయ్యి ఆగింది. "నిజమే. ఈ దేశం ఆళ్ళదే, ఆస్పత్రీ ఆళ్ళదే. లోపల పడుకున్న పిల్ల ఎవరిదే? ఆ పిల్ల ఆళ్ళ సొత్తా?" అంది. "నువ్వు సారీ చెప్తే ఆ తలుపు రేపట్నుంచి తెరిచే ఉంటది. చెప్పుకో. నేనేం తిట్టను," అని మళ్ళీ అన్నంలో చెయ్యి పెట్టింది. తిట్టినా బాగుండేది అనిపించింది.

మర్నాడు అప్పగింతలప్పుడు అడ్మినిస్ట్రేటర్ వచ్చి, ఈ సిస్టర్ ఒక మాట చెబుతుంది, వినండి అన్నాడు. అమ్మ మొహం కళ్ళముందు కదిలింది. సారీ అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. ఎదురుగా మా నర్సులందరూ తలలు దించుకుని ఉన్నారు, నా తరఫున వాళ్ళే సిగ్గుపడుతున్నట్టు. ఆ దించుకున్న తలలు చూసేసరికి నాకు ఒళ్ళు మండింది. "నేను చేసిన తప్పేంటో చెప్పండి సర్. చెబితే క్షమాపణ అడుగుతాను," అన్నాను.

ఆయన మొహం ఎర్రబడింది. ఏదో అనబోయేలోపల కరుణమ్మ సిస్టర్ ముందుకొచ్చింది. "ఆ తలుపు మూయమన్నది నేను. ఈ అమ్మాయి నా ఆర్డరు పాటించింది. వార్డు నాది. మీరు నన్నడగండి," అంది. అసలు తలుపు మూసిన రోజు ఆవిడ డ్యూటీలోనే లేదు. బైబిలు ముట్టుకోకుండా కాఫీ తాగని మనిషి, ఇంతమంది ముందు రెప్పవేయకుండా అబద్ధమాడింది.

ఇద్దరినీ పంపేస్తే కాన్పులు చూసేవాళ్ళుండరు. నన్ను ఉంచారు, ఆవిడకి ఫైనల్ ఎగ్జిట్ కొట్టారు. ఆవిడ పెట్టె సర్దుకుంటుంటే నేను పక్కన కూలబడి ఏడ్చాను. "ఇప్పుడే వెళ్ళి సారీ చెప్పేస్తాను సిస్టర్, మీరు ఉండిపోండి," అన్నాను. ఆవిడ నన్ను కోప్పడిన ఒకే ఒక్కసారి అదే. "నోరుముయ్. నువ్వు సారీ చెప్తే నేను పోడం దండగైపోద్ది," అంది.

ఆవిడ వెళ్ళిపోయాక ఆ సౌదీ అమ్మాయి తండ్రికి సంగతి తెలిసింది. నా కూతుర్ని అతిథులకి చూపిస్తారా అని యజమాని మీదికే వెళ్ళాడు. ఆ వారంలోనే మా తలుపు మీద, ఎంతటివాళ్ళయినా సరే, లోపలికి రాకూడదని అరబ్బీలో, ఇంగ్లీషులో బోర్డు పెట్టారు. కరుణమ్మ సిస్టర్‌ని మాత్రం తిరిగి పిలవలేదు. ఆస్పత్రివాళ్ళు ఒక్క ఫోన్ కూడా చేయలేదు. పోయిన ఏడాది ఆవిడ నరసాపురంలో చనిపోయింది. వెళ్ళలేకపోయాను.

ఇప్పుడా వార్డుకి నేను ఇన్‌చార్జిని. అడ్మినిస్ట్రేటర్లు మారారు. కొత్తగా వచ్చినాయన బయటివాళ్ళకి ఆ బోర్డు చూపించి, మా ఆస్పత్రి మొదటినుంచీ ఆడవాళ్ళ మర్యాదకి పెద్దపీట వేసిందని చెబుతుంటాడు. ఆయన అలా అన్న ప్రతిసారీ, ఎవరున్నా సరే, నేను మధ్యలో ఆపుతాను. మొదటినుంచీ కాదు సర్, నరసాపురం నుంచి వచ్చిన కరుణమ్మ అనే నర్సు ఉద్యోగం పోగొట్టుకుని పెట్టించింది అంటాను. ఆయనకి నేనంటే గిట్టదు. మా వార్డులో చేరిన ప్రతి అమ్మాయికీ మొదటిరోజే ఆ పేరు చెబుతాను, ఆవిడ మామ్మ రాహేలమ్మ పేరూ చెబుతాను. విని తలూపితే ఒప్పుకోను. రెండు పేర్లూ పైకి అనిపించుకున్నాకే లోపలికి పంపుతాను.