గోడౌన్ డెలివరీ

ఇబ్రహీంపట్నం బస్సులో పక్క సీటావిడ నా చేతిలో ఒక బిల్టీ పెట్టింది. కాకినాడ నుంచి లారీలో వేసిన చేపల వలల రసీదు అది.

"చూడన్నా, ఎనిమిది దినాలాయె. ఫోన్ చేస్తే వచ్చినయంటరు. ఇంటికైతే రాలే."

కింద ఇంగ్లిష్‌లో 'గోడౌన్ డెలివరీ' అని ఉంది. అంటే సరుకు ఇంటికి రాదని, పెద్ద అంబర్‌పేట్ గోడౌన్‌కు పోయి మనమే తెచ్చుకోవాలని చెప్పాను.

ఆవిడ మొహం ఎర్రబడింది. "చెరువుల అందరు చేపలు వడుతుండ్రు, మా ఆయన ఒడ్డుమీద నిలవడి చూస్తుండు. గీ ఒక్క ముక్క తెలుగుల చెప్తే వాళ్ల నోరు అరిగిపోతదా?"

నేనూ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో బిల్టీలు రాసేవాడినే. పదేళ్లలో ఒక్కరికైనా ఆ ముక్క చెప్పిన పాపాన పోలేదు.

ఇప్పుడు వచ్చిన ప్రతి ఒక్కరికీ అర్థమయ్యేదాకా చెబుతున్నాను. టైం వేస్టని మా యజమాని విసుక్కుంటాడు. విసుక్కోనీ. నా నోరేం అరిగిపోలేదు.