గాజు పొయ్యి మీద సర్వపిండి

ఒక్క పూటలో ఒక పొయ్యిని, ఒక సర్వను, మా వదినె వక్కల డబ్బాను పాడుచేయడం అందరికీ చేతనయ్యే పని కాదు. దానికి నాలాంటి మనిషి కావాలి. ఎలా చేశానో చెబుతాను. పొయ్యి మీద పాలు పెట్టి వచ్చిన వాళ్లుంటే ముందు వెళ్లి దించి రండి.

అప్పుడు మేము బొగ్గు గనుల కాలనీ క్వార్టర్లో ఉండేవాళ్లం. మా ఆయనది బాయి పని, గనిలోకి దిగి బొగ్గు తవ్వేవాడు. ఇంటి వెనక పాత ఇనుప బకెట్‌కు మట్టి మెత్తి చేసిన బొగ్గుల పొయ్యి ఉండేది. దాని గుణం నాకు కన్నబిడ్డ గుణం తెలిసినట్టు తెలుసు. ఎర్రగా ఉంటే వేడి, నల్లగా ఉంటే చల్లన. మంట తక్కువైతే విసనకర్ర, ఎక్కువైతే పిడికెడు బూడిద. వంట శాస్త్రమంతా ఇంతే అనుకునేదాన్ని.

దుబాయి నుంచి వచ్చిన మా తమ్ముడు నాకోసం ఒక కరెంటు పొయ్యి తెచ్చాడు. పైన నల్లటి గాజు పలక, పక్కన తిప్పే మీట. నున్నగా, ముఖం చూసుకునేలా ఉంది. ఎలా వాడాలో తమ్ముడు ఓపికగా చెప్పాడు. నేను అంతే ఓపికగా వినలేదు. ఎందుకంటే అప్పుడే సూట్‌కేసులోంచి సెంటు సీసాలు బయటికి వస్తున్నాయి. మీట చుట్టూ అంకెలున్నాయి గానీ అవి నాకు చీమల బారుతో సమానం. రాత్రి బడికి పోయి అక్షరాలు దిద్దుకున్నది తర్వాతి ముచ్చట. తమ్ముడు హుస్నాబాద్‌లో ఉన్న అత్తగారింటికి వెళ్లిపోయాడు. మరునాడే మంథని నుంచి మా వదినె దిగింది.

వదినె అంటే మా ఆయన అక్క. సర్వపిండి చేయడంలో ఆమెను మించినవాళ్లు లేరని చుట్టాలందరూ ఒప్పుకున్నారు. ఒప్పుకోనివాళ్లను ఆమే ఒప్పించింది. నా పెళ్లయిన నాటి నుంచి నేను ఏం వండిపెట్టినా తినేది, నీళ్లు తాగేది, లేచేది. 'మంచిగున్నది' అన్న మాట ఆమె నోట వినాలని నాకు ఎంత ఆశో. గాజు పొయ్యిని చూడగానే ఆ ఆశకు రెక్కలొచ్చాయి.

"వదినె, ఇయ్యాల దీని మీద సర్వపిండి చేస్త."

వదినె వక్క నములుతూ పొయ్యిని అటూ ఇటూ చూసింది. "మంట కనవడని పొయ్యి కూడ పొయ్యేనా? సర్వపిండి అంటే బొగ్గుల మీద సన్నగ కాలాలె."

"దుబాయిల అందరు దీని మీదనే వండుతరట."

"చెయ్యి మరి. మంచిగుంటే మంచిగుందనే అంట. నేనేమన్న అబద్ధమాడుతనా?"

బియ్యప్పిండిలో నువ్వులు, పల్లీలు, నానిన శనగపప్పు, ఉల్లాకు, కారం వేసి కలిపాను. మా అవ్వ ఇచ్చిన ఇత్తడి సర్వ లోపల పలుచగా ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, నూనె చుక్కలు వేశాను. మీట కొంచెం తిప్పితే గాజు కింద ఎర్రటి చక్రం వెలిగింది. సర్వ అడుగు గుండ్రం, పొయ్యి పలక బల్లపరుపు. ఎక్కించగానే సర్వ కల్లు తాగినవాడిలా అటొకసారి ఇటొకసారి ఊగింది. సర్లే, ఊగనీ అనుకున్నాను.

ఇంతలో ఎరుపు మాయమైంది.

"చచ్చినట్టున్నదే నీ పొయ్యి" అంది వదినె. కరెంటు పోయిందా అని చూస్తే బల్బు వెలుగుతూనే ఉంది. మీట ఇంకొంచెం తిప్పాను. ఎరుపు వచ్చింది, కాసేపు ఉండి మళ్లీ పోయింది. మళ్లీ తిప్పాను. ఆ పొయ్యి తన వేడిని తానే చూసుకుంటుందని, చాలినంత కాగగానే ఆగి, తగ్గగానే వెలుగుతుందని నాకేం తెలుసు? ఆరిపోయే బొగ్గును ఊదినట్టు తిప్పుకుంటూ పోయాను. ఆఖరికి మీట ఇక తిరగనంది.

నిప్పు లేనిదే పొగ రాదంటారు. మా ఇంట్లో నిప్పు కనబడకుండానే వచ్చింది. పిండి నడుమ మాడి మసైంది, అంచులు పచ్చిగా మిగిలాయి. గాభరాగా ఎరుపు పోయేదాకా మీట వెనక్కి తిప్పాను. అయినా పొగ ఆగలేదు. సర్వ దించి, అలవాటైన చేయి కదా, బొగ్గుల పొయ్యిలోంచి పిడికెడు బూడిద తెచ్చి గాజు మీద పోశాను.

వదినె నవ్వలేదు. దానికే నాకు భయమేసింది. "నువ్వు జర పక్కకు జరుగు. బయట బొగ్గులు అంటువెడుదాం పా" అంది.

చిన్న చీపురుతో బూడిద ఊడ్చేశాను. పొయ్యి నల్లగా ఉంది, అంటే చల్లగా ఉంది. మిగిలిన పిండిని బల్లపరుపు అల్యూమినియం గిన్నెలో ఒత్తి, నూనె వేసి, మూత పెట్టి, బొగ్గులు రాజుకునేదాకా ఉండనీ అని ఆ పలక మీదే పెట్టాను. వంటకు పనికిరాకపోయినా అరుగులా పనికొచ్చింది కదా.

బయట బొగ్గులు అంటుకునేసరికి ఇద్దరికీ కళ్లు ఎర్రబడ్డాయి. గిన్నె కోసం లోపలికి వస్తే ఇల్లంతా కమ్మటి వాసన. మూత తీస్తే అంచులు లేచి, అడుగు బంగారు రంగులో, చిల్లుల్లో నూనె సన్నగా చిటపటలాడుతోంది. ఎరుపు పోయేదాకా తిప్పానే గానీ, పూర్తిగా ఆర్పలేదు. మీట అన్నిటికన్నా సన్నటి సెగ దగ్గర ఆగింది. పిండి తనంతట తాను కాలింది.

వదినె ఒక ముక్క తుంచి నోట్లో వేసుకుంది. ఇంకో ముక్క తుంచింది.

"మంచిగున్నది" అంది.

"సన్న మంట మీద పెట్టిన వదినె" అన్నాను, ఏమీ ఎరగనట్టు. సరిగ్గా అప్పుడే గాజు కింద ఎర్రటి చక్రం ఒకసారి వెలిగి ఆరింది, నాకు కన్నుకొట్టినట్టు.

ఆ సంతోషంలో నాకు మర్యాదలు ముంచుకొచ్చాయి. ఈసారి మీటను పూర్తిగా, టక్కుమనేదాకా ఆర్పాను. గిన్నె దించి, వదినె కూర్చోవడానికి పీట వేయబోయాను. పీట మీద ఆమె ప్లాస్టిక్ వక్కల డబ్బా ఉంటే, కింద పెడితే బాగుండదని తీసి, చల్లారిందనుకున్న ఆ నల్లటి పలక మీద భద్రంగా పెట్టాను.

వదినె ఆఖరి ముక్క దాకా తిని, చేయి కడుక్కుని, వక్క కోసం డబ్బా పట్టి లాగింది. డబ్బా రాలేదు. మూత మాత్రం తీగపాకంలా సాగి సాగి ఆమె చేతికొచ్చింది. అడుగు గాజుకు అతుక్కుని, వక్కలతో సహా నన్నే చూస్తోంది. నేను భూమిలోకి పోదామనుకున్నాను. కింద బాయిలో మా ఆయన ఉన్నాడని గుర్తొచ్చి ఆగాను.

వదినె ఆ మూతను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూసింది.

"పిండి మంచిగనే కాలిందే రాజవ్వా. డబ్బకే జర సెగ ఎక్కువైంది."

ఆ తర్వాత ఇద్దరం కడుపు పట్టుకుని నవ్విన నవ్వుకు వెనక వరుస క్వార్టర్ల వాళ్లు కూడా వచ్చి, కారణం తెలియకుండానే నవ్విపోయారు.

అంతెందుకు, పొద్దున లేస్తే నల్లటి రాళ్లలో నిప్పు దాగిన ఊళ్లో ఏళ్లకేళ్లు బతికిన దాన్ని. నల్లనిదల్లా చల్లనిదని నేను అనుకోవచ్చునా? అందుకే మసిబారిన మా అవ్వ సర్వ మీద చేయి పెట్టి ఒట్టేసి చెబుతున్నాను: ఇక జన్మలో నల్లటి దేన్నీ ముట్టి చూడకుండా నమ్మను. ముట్టి మాత్రం మా వదినెనే చూడమంటాను.