ఆయమ్మకు కప్పిన శాలువా

ఆ రోజుల్లో నాకు లోకం మీద ఎంత నమ్మకం ఉండేదంటే, వీడ్కోలు సభ అనేది వెళ్ళిపోయేవాళ్ళ కోసం జరుగుతుందనుకునేదాన్ని. నా తప్పేమీ లేదు లెండి. నేను బడి గడప తొక్కి చదువుకున్నదాన్ని కాదు. మా అమ్మ వంటింట్లో కూరలు తరుగుతూ చెప్పిన ఎక్కాలు, మా తాతయ్య సాయంత్రాలు కూర్చోబెట్టి చదివించిన భాగవతం, ఆ తర్వాత ప్రైవేటుగా కట్టిన పదో తరగతి, ఇదీ నా చదువు. (దేవుడి దయవల్ల అన్నీ ఒక్కసారికే పాసయ్యాను. లెక్కలైతే కేవలం దేవుడి దయవల్లే.) అలాంటి నాకు, కోరుకొండ వెళ్ళే దారిలో ఉన్న ఒక ప్రైవేటు బడిలో ఎల్కేజీ పిల్లలకు అక్షరాలు దిద్దించే ఉద్యోగం దొరికింది. మొదటిరోజు పిల్లలందరూ ఏడ్చారు. వాళ్ళను చూసి నేనూ ఏడ్చాను. అప్పుడు ఆయమ్మ వచ్చి, వాళ్ళ ముక్కులూ నా కళ్ళూ ఒకే కొంగుతో తుడిచి, "మీరు కూడానా టీచరమ్మగారూ! ఊరుకోండి, ఇంటర్వెల్లు బెల్లు కొట్టేస్తాను" అంది. ఆవిడ రుణం నాకు ఆ రోజే మొదలైంది.

ఆ ఏడాది చివర పెద్ద మాస్టారు రిటైరయ్యారు. ఆయనతోపాటే ఆయమ్మనూ మానిపించాలని నిశ్చయమైంది. "మోకాళ్ళ నొప్పులు, పాపం ఇంక చెయ్యలేదు" అన్నారు కరస్పాండెంటు గారు. (మోకాళ్ళు ఆవిడవి, నిశ్చయం మాత్రం ఆయనది.) ఇద్దరికీ ఒకే సభ అన్నారు. నా గొంతు బాగుంటుందని ప్రార్థన పాడటం, మైకులో పేర్లు పిలవడం నాకు అప్పగించారు. ఆయమ్మ నన్ను నీళ్ళకుండల దగ్గరికి పిలిచి మెల్లగా అడిగింది. "నాక్కూడా శాలువా కప్పుతారాండీ?" "ఎందుకు కప్పరండీ! స్టేజీ మీద కుర్చీ వేసి మరీ కప్పుతారు" అన్నాను, ఏదో నేనే బడి కట్టించినట్టు. ఆవిడ ముఖం వెలిగిపోయింది. "అయితే మా వదినగారికి కబురు పెడతానండి."

వదినగారంటే ఆయమ్మ కూతురి అత్తగారు. రావులపాలెం అరటి మార్కెట్లో వాళ్ళకు కొట్టుంది. ఏ పెళ్ళిలో కలిసినా ఆ వియ్యపురాలు నలుగురి మధ్యా ఆయమ్మను చూపించి, "మా వదినగారు బళ్ళో పనిచేస్తారండి. ఏం పాఠం చెబుతారో మాత్రం నన్నడక్కండి" అని నవ్వేదట. ఆ నవ్వు ఆపడానికి ఆయమ్మకు ఒక్క శాలువా కావాలి. మెళ్ళో దండ లేకపోయినా సరే, ఆ వదినగారి కళ్ళ ముందు భుజాల మీద శాలువా పడాలి.

సభరోజు పొద్దున్నే నేను వెళ్ళేసరికి, సన్మానం జరగాల్సిన ఆయమ్మ హాలు తుడుస్తోంది. కుర్చీలు వేసింది, దండలకు దారాలు కట్టింది, వేదిక మీది బల్లకు జరీ కుచ్చుల మెరూన్ వెల్వెట్ గుడ్డ పరిచింది. "ఈ మూలనున్న సిరా మరక నా ప్రాణం తీసేసిందండి. ఎన్నిసార్లు ఉతికినా పోదు. అందుకే గోడవైపుకి తిప్పి పరుస్తాను" అని నాకు చూపించి మరీ సర్దింది. వదినగారు పట్టుచీరలో, పెద్ద చక్రకేళి అత్తంతో దిగింది. ఆ అరటిపళ్ళు ఆయమ్మ చేతికి రాకముందే అతిథుల పళ్ళెంలోకి వెళ్ళిపోయాయి.

అతిథులు! మా వైపు సభల్లో ఒక మర్యాద ఉంది. ఎవరికి సన్మానమో వాళ్ళకంటే ముందు, సన్మానం చెయ్యడానికి వచ్చినవాళ్ళకు సన్మానం చెయ్యాలి. ఆ సంగతి నాకు ఇంట్లో ఎవరూ చెప్పలేదు. కరస్పాండెంటు గారికి శాలువా. వారి బావమరిదిగారికి శాలువా. రైసుమిల్లు ఆసామికి శాలువా. మాజీ సర్పంచిగారు పక్కవీధిలో ఎవరినో పరామర్శించడానికి వచ్చి, మైకు వినబడి లోపలికి వచ్చారు. ఆయనకూ శాలువా. నేను పేర్లు పిలుస్తూ ఓ కంటితో శాలువాల పళ్ళెం చూసుకుంటూనే ఉన్నాను. పెద్ద మాస్టారికి కప్పేసరికి పళ్ళెంలో ఉత్త ప్లాస్టిక్ కవర్లు మిగిలాయి. కరస్పాండెంటు గారు మాస్టారిని కారెక్కించుకుని భోజనానికి తీసుకెళ్ళిపోయారు. "మిగతాది కానిచ్చెయ్యండి" అన్నారు వెళుతూ. మిగతాది అంటే ఆయమ్మ.

సామానంతా తన అధీనంలో ఉండే గుమాస్తాగారిని (పిల్లలు ఆయన్ని తాళంచెవులు సార్ అనేవాళ్ళు) అడిగాను, "ఏవండీ, ఆయమ్మగారికి శాలువా?"

"అయిపోయాయమ్మా. గట్టిగా చప్పట్లు కొట్టించెయ్యండి, సరిపోతుంది."

మూడో వరసలో వదినగారు మెడ చాచి చూస్తోంది. నేను మాజీ సర్పంచిగారి దగ్గరకెళ్ళి, "బాబాయిగారూ, ఫొటో తీసేవరకు మీ శాలువా ఒక్కసారి ఇస్తారా?" అన్నాను. ఆయన దాన్ని చంకలోకి ఇంకాస్త లాక్కుని, "కప్పిన శాలువా తియ్యకూడదమ్మా, అపచారం" అన్నారు. భాగవతమంతా చదివినదాన్ని, ఆ ముక్క ఏ స్కంధంలో ఉందో ఇప్పటికీ దొరకలేదు. రైసుమిల్లు ఆసామి సెల్‌ఫోన్ తీసి అటు తిరిగారు. బావమరిదిగారు అరటిపండు ఒలుచుకుంటున్నారు.

ఇంక గత్యంతరం లేక, "ఆయమ్మగారిని వేదిక మీదికి రావాల్సిందిగా కోరుతున్నాం" అన్నాను. ఆవిడ వచ్చింది, చేతిలో టీ గ్లాసుల ట్రేతో. పిలిచింది టీకేమో అనుకుంది పాపం. పిల్లలు గొల్లుమన్నారు. వదినగారు కూడా నవ్వింది. ట్రే ఎక్కడ పెట్టాలో తెలియక ఆయమ్మ నావైపు చూసింది. నేనే అందుకుని పక్క కుర్చీలో పెట్టాను. కిటికీలోంచి దూరంగా స్వామి గుడి ఉన్న కొండ కనబడింది. నరసింహస్వామీ, స్తంభంలోంచి వచ్చినవాడివి, నీకు ఒక్క శాలువా తేవడం లెక్కా అనుకున్నాను. కళ్ళు దించితే బల్ల మీద జరీ కుచ్చులు మెరుస్తున్నాయి.

లాగేశాను. నీళ్ళసీసాలు దొర్లాయి, అరటిపళ్ళు పిల్లల మీద పడ్డాయి, బావమరిదిగారి కళ్ళజోడు ఎటో పోయింది. నేను మాత్రం మైకులో, "ఇప్పుడు మన ఆయమ్మగారికి శాలువాతో ఘన సన్మానం" అంటూ ఆవిడ భుజాల మీద కప్పేశాను. గుడ్డ మీద చెయ్యి పడగానే ఆవిడకు తెలిసిపోయింది. ఎన్నేళ్ళుగానో ఉతుకుతున్న గుడ్డ కదా. "టీచరమ్మగారూ, ఇది మన..."

"మాట్లాడకండి. నవ్వండి" అన్నాను పళ్ళ మధ్యనుంచి. ఆవిడ సిరా మరకను పిడికిట్లో దాచుకుని నవ్వింది.

సభ అయ్యాక వదినగారు ఎదురొచ్చి కుచ్చులు తడిమి చూసింది. "ఎంత శాలువా వదినగారూ! కాళ్ళదాకా ఉంది. ఆ మాస్టారికి కూడా భుజాలదాకానే వచ్చిందండి!"

"ఆయనకంటే నేను ఎక్కువేళ్ళు చేశాను కదండీ" అంది ఆయమ్మ తడుముకోకుండా.

తాళంచెవులు సార్ గేటువైపు గబగబా వస్తూ కనిపించారు. నేను మధ్యలోనే అడ్డం పడ్డాను. "అది స్టాకులో సామానమ్మా! రేపు ప్రార్థన టైముకి బల్ల మీద ఉండాలి" అని గొణిగారు. ఈలోగా ఆయమ్మా వదినగారూ ఎక్కిన ఆటో కదిలింది. కుచ్చులు బయటికి వేలాడి ఊగుతూ పోయాయి.

మర్నాడు గేటు తీసేసరికే ఆయమ్మ బయట నిలబడి ఉంది. చేతిలో ఉతికి మడతపెట్టిన వెల్వెట్ గుడ్డ. "లోపలికి రావచ్చాండీ?" అని అడిగింది. అన్నేళ్ళు ఆ గేటు తాళం తీసిన మనిషి! రమ్మంటే వచ్చి, కొంగుతో బల్ల తుడిచి, గుడ్డ పరిచి, మరకను గోడవైపుకి తిప్పింది. తర్వాత నెమ్మదిగా అంది. "మా వదినగారు రాత్రి మా ఇంట్లోనే ఉండిపోయారండి. పొద్దున్నే శాలువా ఏదీ అని అడిగారు. ఉతికాను అన్నానండి. అబద్ధం కాదు కదండీ?"

"కాదండీ" అన్నాను.

నా జీతంలోంచి ఓ శాలువా కొని, ఓ ఆదివారం వాళ్ళింటికి తీసుకెళ్ళాను. ఆవిడ కళ్ళకద్దుకుంది, భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంది. "బాగుందండి. మా వదినగారి ముందు మాత్రం కప్పుకోలేనండి, ఇది పొట్టిది" అని నవ్వి, మడతపెట్టి ట్రంకుపెట్టెలో దాచేసింది.

ఆ బల్ల ఇప్పుడూ ఉంది, గుడ్డ మారింది. ఆయమ్మ పోయి చాలా ఏళ్ళయింది. దేవుడి దయవల్ల నేనూ వేదిక ఎక్కే వయసుకు వచ్చాను. ప్రార్థన పాడినందుకు నాకూ శాలువాలు కప్పుతున్నారు. గోదావరి ఎండల్లో ఉన్ని శాలువాలు ఏం చేసుకుంటానో తెలియదు గానీ, వద్దనకుండా తెచ్చుకుంటున్నాను. కప్పగానే మాత్రం, ఎదుటివాళ్ళు చప్పట్లు కొడుతుంటే, నా వేళ్ళు వాటంతటవే శాలువా మూల పట్టుకుని చూస్తాయి, సిరా మరక ఉందేమోనని. ఉండదు. కొత్త శాలువాకి మరక ఎందుకుంటుంది! ఉంటే బాగుండునని ప్రతిసారీ అనిపిస్తుంది చూశారూ, అదీ ఈ వయసులో నా పిచ్చి.