ఫోటో కింద రెండు వాక్యాలు

మా హైస్కూల్లో శనివారం చివరి రెండు పీరియడ్లు డ్రిల్లుకు ఉండేవి. డ్రిల్లు మాస్టారు బదిలీ అయిపోయాక ఆ పీరియడ్లను మా తెలుగు సారు పుచ్చుకున్నారు. ఆయన ఒకప్పుడు ఏదో పత్రికకు మండలం నుంచి వార్తలు పంపేవారట. ఆ పిచ్చి ఇంకా వదల్లేదు. వార్త రాయడం, ఫోటో తీయడం నేర్పిస్తానని మా తొమ్మిదో తరగతిలో ప్రకటించారు. ఎవరో దాతలు బడికి ఇచ్చిన కెమెరా ఒకటి హెడ్మాస్టరు బీరువాలో మూలుగుతుంటే బతిమాలి బయటికి తీయించారు. రీలు వృథా చేయకూడదు కాబట్టి ఒక్కొక్కరికీ రెండే ఫోటోలు. బాగా వచ్చినవి జనవరి ఇరవై ఆరున గోడపత్రిక మీద అంటిస్తారు. అన్నిటికన్నా మంచిది మధ్యలో.

నేను క్లాసులో ఫస్టు. ఆ సంగతి నాకు అవసరమైన దానికన్నా ఎక్కువగా తెలుసు. ఆ మధ్య చోటు నాదేనని మొదటి రోజే అనుకున్నాను.

సారు రెండు మాటలు పదే పదే చెప్పేవారు. అందరూ నిలబడే చోట నిలబడి ఫోటో తీయొద్దు, వెనక్కి పోయి చూడండి అనేది ఒకటి. రెండోది ఫోటో కింద రాసే మాటల గురించి. ఎవరు, ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు, ఎందుకు, ఎలా అన్నవన్నీ రెండు వాక్యాల్లో రావాలి. అందులోనూ 'ఎందుకు' ముఖ్యం. ఎందుకు లేని వార్త ఊరిబిండి పచ్చడి లేని సంగటి అనేవారు. మేం నవ్వేవాళ్ళం. కానీ నేను నోట్సులో రాసుకున్నాను కూడా.

డిసెంబరులో ఒక ఆదివారం కెమెరా నా వంతుకు వచ్చింది. సరిగ్గా ఆ రోజే మా పెదనాయన కొడుకును చూసుకోవడానికి ఆడపిల్ల తరపువాళ్ళు వస్తున్నారు. నాకు సొంత అన్న లేడు, ఆయనే అన్న. హైస్కూలు మా ఊరికి దూరమని రోజూ ఈ చెల్లెల్ని సైకిలు వెనక కూర్చోబెట్టుకొని దింపి వచ్చేవాడు. మా వైపు పెండ్లికొడుకు ఏం చదివాడు, ఎంత సంపాదిస్తాడు అన్నవి తర్వాతి మాటలు. ముందు అడిగేది తోటలో నీళ్ళున్నాయా అని. అన్నకు అప్పటికే రెండు సంబంధాలు ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాయి. పెదనాయన బోరు ఆ ఏడు ఎండిపోయింది. మోటరు వేస్తే గాలి తప్ప ఏమీ వచ్చేది కాదు.

అందుకని ఆ పొద్దు తెల్లారేసరికి పక్క తోట ఆయన తన బోరు నుంచి పైపు లాగి మా పెదనాయన తొట్టికి తగిలించాడు. గట్టు విషయంలో ఆయనకూ పెదనాయనకూ ఏళ్ళ తరబడి తగువు. అయినా పైపు చుట్ట తనే భుజం మీద మోసుకొచ్చాడు. దారి నుంచి చూసేవాళ్ళకు పైపు కనిపించకుండా కంది కట్టె కప్పారు. ముందు నుంచి చూస్తే మా బోరే ధారగా పోస్తున్నట్టు ఉంది. మా ఊళ్ళో ఒకరి సంగతి ఇంకొకరి కడుపులో ఒక పూట కూడా దాగదు. ఆ ఒక్క విషయంలో మాత్రం ఊరంతా నోరు కట్టేసుకుంది.

అన్న కొత్త చొక్కా వేసుకొని, తల దువ్వుకొని తొట్టి దగ్గర ముఖం కడుక్కుంటున్నాడు. నా చేతిలో కెమెరా చూసి నవ్వాడు.

"మంచిగా తియ్యి మే. పెండ్లయినంక మీ వదినకు సూపియ్యాల."

నేను సారు చెప్పినట్టు తొట్టి వెనక్కి పోయాను. నీళ్ళ ధార, దాని మీద ఎండ, తడి ముఖంతో అన్న నవ్వు, వెనక పక్క తోట నుంచి పాకుతూ వచ్చిన పైపు, అన్నీ కెమెరా అద్దంలో ఒక్కసారే కుదిరాయి. నొక్కేశాను. నేనెక్కడ నిలబడ్డానో అన్న పట్టించుకోలేదు.

వాళ్ళు వచ్చినప్పుడు నేను రెండో ఫోటో కోసం ఊళ్ళోకి పోయి ఉన్నాను, వాళ్ళ ముఖాలు చూడలేదు. వచ్చినవాళ్ళకు తోట నచ్చింది, పిల్లోడూ నచ్చాడు. పుష్యం పోయి మాఘం రాగానే తాంబూలాలు పుచ్చుకుందామన్నారు. పెద్దమ్మ ఆ వారమంతా పాటలు పాడుకుంటూ పని చేసింది.

ఫోటోలు కడిగించుకొని వచ్చిన రోజు సారు నాది చేతిలోకి తీసుకొని చాలాసేపు చూశారు. నేను దాని కింద 'నీటి తొట్టి వద్ద యువ రైతు' అని రాసి ఇచ్చాను. ఆయన ఎర్ర పెన్నుతో పైపును చూపించి, ఎందుకు అని అడిగారు.

మళ్ళీ రాశాను. 'మా ఊరి రైతు తోటలో బోరు ఎండిపోయినందువల్ల పక్క తోట రైతు పైపు వేసి నీళ్ళు ఇస్తున్న దృశ్యం. కరువులోనూ మంచి మనసులకు కొదవ లేదు.' పెండ్లిచూపుల ఊసు ఎత్తలేదు. దాచవలసింది అదేనని అనుకున్నాను, దాచినందుకు నన్ను నేనే మెచ్చుకున్నాను. అంతా తెలియనితనమే అని చెప్పుకుంటే మాత్రం సగం అబద్ధం. 'ఎండిపోయినందువల్ల' అని రాసేటప్పుడు పెద్దమ్మ ముఖం గుర్తొచ్చి పెన్ను ఆగింది. గోడపత్రిక మధ్య చోటు కూడా గుర్తొచ్చింది. పెన్ను మళ్ళీ కదిలింది. సిగ్గులేని పిల్లను.

జెండా పండగ రోజు నా ఫోటో మధ్యలోనే ఉంది. నేను గుడ్డ పువ్వు బ్యాడ్జీ పెట్టుకొని, వచ్చినవాళ్ళకు వివరించడానికి పక్కన నిలబడ్డాను. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పిల్లల డాన్సులు చూడటానికి తల్లిదండ్రులు వచ్చారు. వాళ్ళలో తెల్ల తలపాగా కట్టుకున్న ఒకాయన నా ఫోటో ముందు ఆగిపోయాడు. కదలడే. నాకు పట్టరాని సంతోషం.

"కింద ఏం రాసిండారు పాపా? నాకు కండ్లు ఆనవు."

గట్టిగా, ఒత్తులన్నీ పలుకుతూ చదివాను. ఆయన తల ఊపాడు. ఈ తోట ఎవరిదని అడిగాడు. మా పెదనాయనదే, ఫోటోలో ఉన్నది మా అన్న అని చెప్పాను.

"ఇంకోసారి సదువు."

మళ్ళీ చదివాను. రెండోసారి ఇంకా బాగా చదివాను.

"బాగా రాసినావు పాపా" అని ఆయన నా తల మీద చెయ్యి పెట్టి, డాన్సులు మొదలు కాకుండానే గేటు వైపు వెళ్ళిపోయాడు.

మాఘం వచ్చింది, తాంబూలాలు రాలేదు. మధ్యవర్తి వచ్చి వాళ్ళు వద్దంటున్నారని చెప్పి, నీళ్ళు కూడా తాగకుండా పోయాడు. బోరు సంగతి వాళ్ళకు ఎలా తెలిసిందని ఇంట్లో తర్జనభర్జన పడ్డారు. పిల్ల తండ్రి తెల్ల తలపాగా మనిషని, చెల్లెలి కూతురు డాన్సు చూడటానికి మా బడికి వచ్చాడని ఆ మాటల్లోనే నాకు తెలిసింది. మా ఇంట్లోవాళ్ళెవరూ జెండా పండగకు రాలేదు, గోడపత్రిక చదవలేదనే అనుకున్నాను.

పెద్దమ్మ పక్క తోట ఆయనను అనుమానించింది. నీళ్ళిచ్చిన మనిషే చెప్పి ఉంటాడు, గట్టు తగువు తీర్చుకున్నాడు అంది. నిజం నా నోటి చివర ఉంది. చెబితే చదువు మాన్పిస్తారు. నేను నోరు తెరవలేదు. పెద్దమ్మ చనిపోయేదాకా ఆయనతో మాట్లాడలేదు. ఏ మంచి మనసును పొగుడుతూ రాశానో ఆ మనిషి మీదే ఆ నింద పడింది. అప్పుడప్పుడూ నాతో నేనే వాదించుకుంటాను. కూతుర్ని ఇవ్వబోయే తండ్రికి నిజం తెలుసుకునే హక్కు లేదా? ఉంది. కానీ నేను చదివింది ఆయన హక్కు కోసం కాదు, నా గొప్ప కోసం. ఈ ముక్క దగ్గరికి వచ్చేసరికి ఎప్పుడూ నేనే ఓడిపోతాను.

బోరుకు మళ్ళీ నీళ్ళు రాలేదు. మరుసటి ఏడు అన్న రాయదుర్గం పోయి జీన్సు ప్యాంట్లు కుట్టే షెడ్డులో చేరాడు. పోయేముందు గోడపత్రిక మీది ఆ ఫోటో ఇమ్మని అడిగాడు. కింద అంటించిన కాగితం చించేసి ఇచ్చాను. అక్కడే తనతో పాటు కుట్టే అమ్మాయిని పెండ్లి చేసుకున్నాడు. ఒక కూతురు.

నేను చదువయ్యాక అనంతపురంలో పత్రికాఫీసులో చేరాను. ఊళ్ళ నుంచి వచ్చే వార్తలు దిద్దడం నా పని. ఎందుకు అన్నది లేకపోతే వెనక్కి పంపిస్తాను. ఒక సెలవు రోజు రాయదుర్గం పోయి అన్న ఇంట్లో కూర్చొని ఉంటే, మూడో తరగతి చదివే మేనకోడలు గోడ మీది ఫోటో దించుకొచ్చింది. ఇంట్లో ఉన్న ఒక ఫోటో గురించి రెండు వాక్యాలు రాసుకు రమ్మని వాళ్ళ టీచరు చెప్పిందట. అత్త పత్రికలో రాస్తుంది కదా, చెప్పమంది. అన్న కిటికీ దగ్గర మిషను మీద వంగి ఏదో చొక్కా చేతులు అతుకుతున్నాడు.

"ఈ నీళ్ళు ఎవురివి అత్తా?"

పాప వేలు పైపు మీదే ఉంది. మిషను ఆగిందో, నాకు వినపడలేదో తెలియదు.

"మనవే. రాసుకో. ఇది మా జేజినాయన తోట. ఇక్కడ మా బోరు నీళ్ళు పారుతున్నాయి."

పాప రాసుకొని, వాళ్ళ నాయనకు వినపడేలా గట్టిగా, ఒత్తులన్నీ పలుకుతూ చదివింది. అన్న దారం కొరికి, చొక్కా దులిపి నా వైపు చూశాడు. ముఖంలో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది.

"ఆ పొద్దు గూడా ఇట్లే సదివింటే సాలు గదమే" అన్నాడు.