జయరాజుకు మిగిలిన మాట

నెక్కొండ బస్సులో ఇరవై ఏళ్లు కండక్టరుగా చేసిన జయరాజుకు, మెదడులో మాటలుండే ఎడమవైపున రక్తం గడ్డకట్టాక, కుడిచెయ్యి పడిపోయింది. ‘రైట్ రైట్’ తప్ప మరో మాట మిగల్లేదు. ఎదుటివాళ్లు చెప్పేదంతా అర్థమవుతుంది. అన్నం కావాలన్నా వద్దన్నా నోట వచ్చేది అదే; వచ్చాక సిగ్గుతో తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుంటాడు.

ఒక పొద్దున ఏడాదిన్నర మనవడు స్టవ్వు పక్కనున్న గ్లాసెత్తి తాగబోతుంటే, “రైట్! రైట్!” అని అరిచాడు.

“మామ బస్సు కదిలింది” అంటూ బియ్యం ఏరుతున్న కోడలు హన్నా తలెత్తకుండానే నవ్వింది.

జయరాజు ఎడమచేత్తో గ్లాసును కొట్టాడు. పిల్లవాడి పెదవి చిట్లింది.

“పసిపోరన్ని కొడ్తవా మామా? మాటతోని బుద్ధి గూడ పోయిందా?” అంటూ వచ్చిన హన్నాకు, స్టవ్వులో పోయగా తాను గ్లాసులో మిగిల్చిన కిరసనాయిలు వాసన తగిలింది. పిల్లవాణ్ని ఎత్తుకొని వాడి నోరు వాసన చూసింది. తప్పు చేసినవాడిలా తల దించుకున్నది జయరాజే.