పొగ చూపించిన చోటు

మా ఆవిడకు వారానికి మూడుసార్లు అమలాపురంలో డయాలసిస్. కొత్తపేట దగ్గర మా ఊరి నుంచి తెల్లవారగానే బయల్దేరితేనే మొదటి విడతలో మంచం దొరుకుతుంది. ఆలస్యమైతే అది ఇంకొకరికి వెళ్ళిపోతుంది. ఒక్క విడత తప్పినా మర్నాటికల్లా ఆవిడ కాళ్ళు వాచిపోతాయి, పడుకుంటే ఊపిరాడదు. అందుకే ఈ వానాకాలం మా బతుకంతా మా పాత టర్బో కారు మీదే ఆధారపడి ఉంది. సరిగ్గా ఇప్పుడే అది మొరాయించింది.

కాలువ వంతెన దగ్గర ఎదురు బండికి దారిచ్చి ఆగినప్పుడు మొదటిసారి తెలిసింది. ఇంజను చలిజ్వరం వచ్చిన మనిషిలా వణికింది. యాక్సిలేటర్ తొక్కితే కాసేపు కదల్లేదు, ఆ తర్వాత ఒక్కసారిగా ముందుకు దూకింది, మళ్ళీ నీరసపడింది. గట్టు ఇరుకు, పక్కనే కాలువ. వెనక సీట్లో పడుకున్న మా ఆవిడ కుదుపు వచ్చినప్పుడల్లా ముందు సీటు పట్టుకుని లేస్తోంది.

"ఏమండీ, కాస్త మెల్లిగా..."

"నేనేమన్నా కావాలని చేస్తున్నానా? నోరు మూసుకుని పడుకో!" అని అరిచాను.

నా నోటి సంగతి మా ఊళ్ళో అందరికీ తెలుసు. నాకు భయం వేస్తే కోపం వస్తుంది. ఆ నెలంతా భయమే.

ఆటోలో ఆవిడ కూర్చోలేదు. అద్దె కారు రెండుసార్లు వచ్చింది. రెండోసారి తిరుగు ప్రయాణంలో సీటు మీద వాంతి చేసుకుంది పాపం. మూడోసారి ఫోన్ చేస్తే ఆ డ్రైవరు ఎత్తలేదు. అతణ్ణి తిట్టుకున్నాను గానీ, నేనైనా అంతే చేసేవాణ్ణేమో.

కొత్తపేటలో ఒక కుర్ర మెకానిక్ ప్లగ్గులు మార్చాడు, కంప్యూటర్ తగిలించి చూశాడు, తల గోక్కున్నాడు. "టర్బో పోయిందండి, అదే, ఇంజన్లోకి గాలి నెట్టే పంకా. ఈ మోడల్‌కి సామాను కూడా దొరకట్లేదు. ఎవరికైనా ఇచ్చేయండి," అన్నాడు. అతని మీదా అరిచి వచ్చేశాను. మర్నాడు గట్టు మీద బండి ఆగిపోయింది. తాళం తిప్పడం, అది వణికి చావడం, మళ్ళీ తిప్పడం. ఎలాగో ఆస్పత్రి చేరేసరికి మంచం పోయింది.

ఆ మర్నాడు పొద్దున్న చూస్తే ఆవిడ గోడకు దిండ్లు ఆనించుకుని కూర్చుని ఉంది. నోటితో గాలి పీలుస్తోంది. "ఇంక చాలండి. మీరూ పడలేకపోతున్నారు. నన్నిలా వదిలెయ్యండి," అంది. పక్కింటివాళ్ళు తమ కారులో తీసుకెళ్ళి ఆ రోజుకు గట్టెక్కించారు. వాళ్ళు మాత్రం ఎన్నిసార్లని రాగలరు? ఆస్పత్రి నుంచి వచ్చాక దొడ్లో కొబ్బరి రాశి మీద కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

బండారులంక దాటాక రోడ్డు పక్కన ఒక ముసలి మెకానిక్ ఉన్నాడని, లారీలూ పడవ ఇంజన్లూ చేసిన చెయ్యి అని ఎవరో చెప్పారు. కుంటుతూ, దూకుతూ మా కారు అక్కడికి చేరింది. ఆయన బానెట్ ఎత్తి, కళ్ళు మూసుకుని, చాలాసేపు చప్పుడు విన్నాడు.

"టర్బో బానే ఉందండి. ఎక్కడో దొంగదారిన గాలి పోతంది. అదెక్కడో పొగే చెప్పాలి," అన్నాడు.

ఇంజను పూర్తిగా చల్లారనిచ్చాడు. మూత మీద రెండు పొడుగాటి గొట్టాలు బిగించిన పాత రంగు డబ్బా తెచ్చాడు. అందులో కొబ్బరి పీచు కుక్కి, అంటించి, ఇంత సాంబ్రాణి వేసి మూత పెట్టాడు. పెట్రోలు బండి దగ్గర నిప్పేమిటయ్యా అని నేను గొడవ చేస్తే, "కంగారు పడకండి. పసిపిల్లలకి ఎయ్యట్లేదా? దీనికీ ఏద్దాం," అంటూ డబ్బాను పది గజాల దూరాన పెట్టాడు. ఒక గొట్టానికి సైకిలు పంపు తగిలించాడు. రెండో దాన్ని ఇంజనులోకి గాలి పోయే దారిలో దూర్చి, చుట్టూ గుడ్డ కుక్కాడు. పంపు కొడుతున్నాడు. నేను ఇంజను మీదకి వంగి చూస్తున్నాను. ఏమీ లేదు. ఇదీ అయిపోయింది, ఇంక ఎవరి కాళ్ళు పట్టుకోవాలి అనుకుంటుండగా, టర్బో నుంచి వచ్చే లావు రబ్బరు గొట్టం అడుగు నుంచి సన్నగా పొగ లేచింది.

"ఆయ్, అదేనండి!"

ఆయన కింద చెయ్యి పెట్టి తడిమాడు. గొట్టం అడుగున పంటి గాట్లు, బొటనవేలు పట్టేంత చిల్లు. దాని పక్కనే పీచుతో కట్టిన ఎలక గూడు. అందులోంచి కొరికిన కొబ్బరి ముక్కలు తీసి నా చేతిలో పెట్టాడు.

"కొండని తవ్వి ఎలకని పట్టడమంటే ఇదేనండి. సరే గానీ, ఇంజన్లోకి కొబ్బరెలా వచ్చిందండి?"

ఎలా వచ్చిందో నాకు తెలుసు. వానాకాలంలో మా దగ్గర కొబ్బరి చిప్పలు ఎండవు, బూజు పట్టిపోతాయి. అమలాపురం నుంచి రాగానే బానెట్ కాలిపోతూ ఉంటుంది కదా, ఆ వేడి ఎందుకు పోగొట్టుకోవాలని షెడ్డులో దాని మీద గోనె పరిచి చిప్పలు ఎండబెట్టేవాణ్ణి. వచ్చినవాళ్ళకు చూపించి గొప్పలు కూడా చెప్పుకున్నాను. ముక్కలు అద్దం కింది సందులోంచి లోపలికి జారేవి. వాటి కోసం ఎలకలు వచ్చాయి.

ఆయన లారీ గొట్టం ఒకటి కోసి బిగించాడు. తాళం తిప్పితే ఇంజను నిలకడగా తిరిగింది. నాకు సంతోషం రాలేదు. కొత్తపేట కుర్రాణ్ణి తిట్టాను, అద్దె డ్రైవర్ని తిట్టాను, ఊపిరాడని మనిషిని తిట్టాను. తప్పంతా నాది.

మర్నాడు ఆస్పత్రికి వెళ్తూ కాలువ గట్టు మీద మా ఆవిడకు ఉన్నదున్నట్టు చెప్పేశాను.

"నాకు తెల్సండి. నా మంచం షెడ్డు గోడ పక్కనే కదా. రోజూ ఎలకల చప్పుడు ఇంటానే ఉన్నాను," అంది.

"మరి చెప్పలేదేం?"

"మొదట్లో ఓసారి చెప్పేనండి. నీకెందుకు, నీ రోగం సంగతి నువ్వు చూసుకో అన్నారు. మళ్ళీ చెప్తే మళ్ళీ కోప్పడతారని ఊరుకున్నాను."

ఎదురుగా పాల వ్యాను వస్తుంటే వంతెన దగ్గర ఆగాను. ఇంజను చప్పుడు దాదాపు వినపడటమే లేదు. వెనక సీట్లో ఆవిడ ఊపిరి తీసుకోవడం మాత్రం వినిపిస్తోంది. వ్యాను దాటిపోయాక యాక్సిలేటర్ మీద కాలు వేశాను. బండి మెత్తగా కదిలింది. ఇన్నేళ్ళలో ఆవిడతో ఒక్కనాడైనా అంత మెత్తగా మాట్లాడానా అని వెతుక్కుంటూ అమలాపురం దాకా వెళ్ళాను.