గంగమ్మకు ఇచ్చిన హమూర్

మీరు ఖతర్ వస్తే సూక్ బజారు చూడకపోయినా ఫరవాలేదు, మ్యూజియం చూడకపోయినా ఫరవాలేదు. రాజనర్సును చూడకుండా మాత్రం వెళ్ళకండి. శుక్రవారం పొద్దున బిర్కత్ అల్ అవామిర్‌లో లేబర్ క్యాంపు గేటు దగ్గర "శాపల నర్సన్న" అని అడగండి, ఎవరైనా చూపిస్తారు. నడుముకు బెల్టు కట్టుకుని, ప్లాస్టిక్ కుర్చీలో గోడలా నిటారుగా కూర్చుని చాయ్ తాగుతుంటాడు. కుడి అరచేయి చూడండి. బొటనవేలి కింద నాలుగు మచ్చలుంటాయి. సాఫీ అనే చేప ముళ్ళు దిగిన గుర్తులవి. ఆ చేతులు ఒక సీజన్‌లో ఎన్ని వేల చేపపిల్లల్ని పట్టుకున్నాయో లెక్క నా దగ్గరుంది. ఆ లెక్క తప్పని కూడా నాకు తెలుసు. చెప్పబోయేది అదే.

ఆయనది మెట్‌పల్లి దగ్గర పల్లె. గంగపుత్రులు. చెరువులో వల వేసే ఇంట్లో పుట్టి, పద్నాలుగేళ్ళ కిందట షట్టరింగ్ పనికి ఇక్కడికొచ్చాడు. అన్నేళ్ళూ సముద్రాన్ని చూసింది కంపెనీ బస్సు కిటికీలోంచే. తర్వాత నడుములో పూస జరిగింది. మళ్ళీ బరువులెత్తితే కాళ్ళు పడిపోవచ్చని డాక్టరు చెప్పాడు. సరిగ్గా అప్పుడే ఒక సర్వే కంపెనీ వాళ్ళు, నీళ్ళలో పని తెలిసిన మనిషి కావాలని క్యాంపుకు వచ్చారు.

అల్ ఖోర్ దాటాక ఉత్తరాన, సముద్రం నేలలోకి చొచ్చుకొచ్చిన చిన్న పాయ ఒకటుంది. ఒడ్డున మడచెట్లు, అడుగున సముద్రపు గడ్డి, నడుం లోతు నీళ్ళు. ఎవరో రిసార్టు కట్టుకునేవాళ్ళు తమ బోట్ల కోసం దాన్ని తవ్వి లోతు చేయాలనుకున్నారు. తవ్వకముందు అక్కడ ఏ చేపల పిల్లలు పెరుగుతున్నాయో లెక్కపెట్టాలి. ముఖ్యంగా హమూర్. మనకు కొరమీను ఎంతో ఇక్కడివాళ్ళకు హమూర్ అంత. చిన్నప్పుడు ఇలాంటి గడ్డిలో దాక్కుని పెరిగి, పెద్దయ్యాక లోతుకు పోతుంది. హమూర్ పిల్లలు తగినన్ని కనిపిస్తే పాయ బతికినట్టే. లేకపోతే తవ్వుకోవచ్చు.

నేను జువాలజీ డిగ్రీ చేసి అల్ ఖోర్‌లో అమ్మానాన్నల దగ్గర ఖాళీగా ఉన్నాను. లెక్కలు రాసే పని దొరికిందనగానే ఎగిరి గంతేశాను. మార్చి నుంచి జూన్ దాకా, వారానికి మూడు రోజులు. నీళ్ళలో వల లాగేది రాజనర్సు, బోటు నడిపే తల్హా. ఒడ్డున పలక పట్టుకుని నేను. కారులో ఏసీ వేసుకుని సూపర్‌వైజర్ సత్యనారాయణ గారు. ఆయనది కాకినాడ.

మొదటి రోజే రాజనర్సు మాకందరికీ గురువైపోయాడు. తడి చేత్తో తప్ప చేపను ముట్టనిచ్చేవాడు కాదు. "పొడి చెయ్యి తాకితె దాని తోలు కాలినట్టయితది బిడ్డా" అనేవాడు. సరిగ్గా ఇదే ముక్క నాకు కాలేజీలో ఇంగ్లీషులో మూడు పేజీలు చెప్పారు. అడుగులో ముళ్ళతోక టేకు చేపలుంటాయని, పాదం ఎత్తకుండా ఇసుక మీద ఈడ్చుకుంటూ నడవమని సత్యనారాయణ గారు పాఠం మొదలుపెట్టేసరికి ఆయన అప్పటికే అలా నడుస్తున్నాడు.

"ఎక్కడ నేర్చుకున్నావయ్యా?"

"సెరువుల ఏముంటదో ఏమెరుక సార్. కాళ్ళే సూసుకుంటయి."

సత్యనారాయణ గారు ముచ్చటపడ్డారు. "ఈ సీజన్ సాఫీగా జరగనీ, నిన్ను పర్మనెంట్ చేయిస్తా. నీ గుర్తింపు కార్డు మీద లేబర్ తీయించేసి టెక్నీషియన్ అని రాయిస్తా" అన్నారు. అంటే బరువులెత్తే పనికి ఇక పోనక్కర్లేదు.

ఆ మధ్యాహ్నం రాజనర్సు నా పలక చూపించి అడిగాడు. "గా టెక్నీషియనంటె అరబ్బీల ఎట్లుంటదో ఒక్కపారి రాయరాదు?" తల్హా రాసి చూపించాడు. కాసేపు చూసి, బొటనవేలితో తనే తుడిచేశాడు. "దిష్టి తాకుతది" అన్నాడు.

వల లాగిన ప్రతిసారీ ఆయనకొక అలవాటుండేది. వల సంచి పైకెత్తే ముందు వంగి, చెయ్యి లోపల పెట్టి, ఒక్క క్షణం నీళ్ళలో ఆపి, ఆ తడివేళ్ళు కళ్ళకద్దుకునేవాడు. ముప్పై అడుగుల దూరంలో ఒడ్డున ఉన్న నాకది నమస్కారంలా కనిపించేది. తర్వాత బకెట్లు ఒడ్డుకొచ్చేవి. ఒక్కో పిల్లనూ స్కేలు పలక మీద పెట్టి కొలిచి, అన్నిటినీ మళ్ళీ నీళ్ళలోకే వదిలేసేవాళ్ళం.

ఒకరోజు అన్నాలప్పుడు ఊరినుంచి ఆయన భార్య గౌరవ్వ ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టాడు.

"ఏం జేత్తున్నవయ్యా?"

"శాపపిల్లలను లెక్కవెడుతున్న."

"లెక్కవెట్టి?"

"మల్ల నీళ్ళల్లనే ఇడుత్తం."

"ఇడిసేదానికి పట్టుడెందుకయ్యా? దుబాయోళ్ళకు ఏం పనిలేదా? పనిలేదంటె నిన్ను ఇంటికి తోలియ్యమను, ఈడ బర్రె ఈనింది."

తల్హాకు తెలుగు రాకపోయినా మా నవ్వు చూసి నవ్వాడు.

జూన్ ఆఖరున కంటెయినర్ ఆఫీసులో నేను పట్టిక పూర్తిచేసి రాజనర్సుకు, తల్హాకు చదివి వినిపిస్తున్నాను. వాళ్ళ కష్టం కదా, వాళ్ళే మొదట వినాలనిపించింది. సాఫీలు వేలల్లో. కనిగెలనే చేపలు వందల్లో. "హమూర్, సీజన్ మొత్తానికి నాలుగు."

రాజనర్సు నవ్వాడు. "నాలుగేంది బిడ్డా, తప్పు రాసినవు. దినాం ఒకటన్న అత్తుండె గద. ఒక్కోపారి వల గుంజినప్పుడల్లా ఒకటి. నేనే..."

చాయ్ కప్పు పెదాల దాకా వెళ్ళి ఆగింది.

"మీరే?"

"నేనే ఇడిసిన."

తర్వాత మెల్లగా చెప్పాడు. వాళ్ళ ఇంట్లో వల లాగితే మొదటి మంచి చేప గంగమ్మది. అది ఇంటికి రాదు, బుట్టలోకి రాదు, నీళ్ళు దాటి పైకే రాదు. "సాఫీలు వందలు వడుతయి. గండ్లకెల్లి ఒకటిత్తె తల్లి ఏమనుకుంటది? గుడ్డిగవ్వ ఇచ్చినట్టు గాదా? హమూర్ ఒక్కటే ఉంటుండె. గదే ఇచ్చిన. నీది నీకే తల్లీ అని."

"మాకు చెప్పలేదేం నర్సన్నా?"

"ఎట్లనన్న అన్నీ ఇడిసేటియే గద. ముందుగాల ఇడిత్తె ఏంది, ఎనుక ఇడిత్తె ఏంది అనుకున్న."

ఒకే వలలో రెండు పడ్డ రోజున మాత్రమే రెండోది నా పలక దాకా వచ్చింది. అలా నాలుగు.

తల్హాతో హిందీలో చెబితే తలూపాడు. "ముఝే మాలూమ్ థా. మై సమ్ఝా ఇబాదత్ హై." వల రెండో కొస పట్టుకున్నవాడు, రోజూ చూశాడు. అది పూజ అనుకున్నాడు, పూజ చేసుకునే మనిషికి అడ్డం రాకూడదని నోరెత్తలేదు.

"నాలుగైతె ఏమైతది?" అని రాజనర్సు నన్నడిగాడు.

"అక్కడ హమూర్ పిల్లలు పెరగవని అర్థం. తవ్వుకోవచ్చు."

"నేను జెప్తె?"

"లెక్కంతా చెల్లదు. వచ్చే మార్చిలో మళ్ళీ మొదట్నుంచి. మరి మీ కార్డు..."

"ఎరికే తియ్యి."

"చుప్ రహో నర్సు భాయ్" అన్నాడు తల్హా. "పహ్లే కార్డ్ ఆనే దో." ముందు కార్డు చేతికి రానిమ్మని.

రాజనర్సు చాయ్ చివరిదాకా తాగాడు. కప్పు కడిగి బోర్లించాడు. "ఆమెకిచ్చిన అనుకుంటి. ఆమె ఇల్లే కూలగొట్టనిత్తి" అని లేచాడు. సత్యనారాయణ గారి గది పక్కనే. మేమిద్దరం వెనకే వెళ్ళాం.

"సార్, లెక్కల తప్పున్నది."

"ఎవరు చెప్పారు?"

"నేనే. జేసింది గూడ నేనే."

ఆయన మొత్తం విన్నారు. లేచి తలుపు దగ్గరికి వేశారు. "రాజనర్సూ, నీ పర్మనెంట్ కాగితం ఇదిగో, నా టేబుల్ మీదే ఉంది. ఆదివారం సంతకం అయిపోతుంది. నువ్వసలు లోపలికి రాలేదు, నేనేం వినలేదు. వెళ్ళి టీ తాగు."

"తాగే అచ్చిన సార్."

"ఏవయ్యా, రోజుకో చేపపిల్ల! దానికింత గొడవా? ఇంకో సీజన్ అంటే క్లయింటు ఒప్పుకుంటాడా? నీ నడుం సంగతి చూసుకో ముందు."

"నడుం నాది సార్. గా పిల్లలు నాయి గావు."

"ఆలోచించుకో."

"కాయితం మీద రాసుకోండ్రి సార్, నేను సంతకం వెడుత."

ఆయన రాయలేదు. నేను టైప్ చేశాను, రాజనర్సు తెలుగులో సంతకం పెట్టాడు. సత్యనారాయణ గారికి ఒకటిచ్చి, కంపెనీ హెడ్డాఫీసుకు ఇంకోటి పంపించాను. "అందినది" అని ఒక్క ముక్కలో జవాబొచ్చింది.

రిపోర్టు ఆదివారమే వెళ్ళిపోయింది. అందులో హమూర్ నాలుగే. మేమిచ్చిన కాగితం ఎక్కడా లేదు. మరుసటి వారం రాజనర్సు కాగితం సంతకం లేకుండా వెనక్కి వచ్చింది. కారణం దగ్గర "సర్వే పద్ధతి పాటించలేదు, స్వయంగా ఒప్పుకున్నాడు" అని ఉంది. ఆయన్ను తీసేయడానికి ఆయన మాట సరిపోయింది. లెక్క మార్చడానికి సరిపోలేదు.

ఇప్పుడాయన ఒక గోడౌన్‌లో అట్టపెట్టెలు ఎత్తుతున్నాడు. కార్డు మీద లేబర్ అనే ఉంది. మధ్యాహ్నానికి ఎడమకాలు తిమ్మిరెక్కుతుందట. ఫోన్‌లో గౌరవ్వ ఇప్పటికీ వదలదు. "నోరు మూసుకుంటె ఏం వోతుండె నీది?" అంటుంది. "ఏం వోకపోతుండె" అంటాడు. అంతకంటే వాదించడు.

నవంబర్‌లో నేను పాయ దగ్గరికి వెళ్ళాను. తవ్వే యంత్రం నిలబడి ఉంది. నీళ్ళు పాలు కలిపిన చాయ్ రంగులో ఉన్నాయి, గడ్డి ముద్దలు ముద్దలుగా ఒడ్డున ఎండుతోంది. కంపు. తర్వాతి శుక్రవారం క్యాంపుకు వెళ్తే ఆయన మొదట అడిగింది ఆ పాయ గురించే.

"గాడ ఇంకా అత్తున్నయా బిడ్డా పిల్లలు?"

నేను చెప్పిందేమిటో ఇక్కడ రాయను. ఆయన మాత్రం నా మొహం చూసి, "చాయ్ తాగుతవా?" అని కుర్చీ జరిపాడు.

సరే, ఇప్పుడు మీరు చెప్పండి. పూస జరిగిన నడుముతో ఆ గదిలో నిలబడ్డారు. పద్నాలుగేళ్ళ తర్వాత చేతికందబోతున్న కాగితం ఎదురుగా టేబుల్ మీద ఉంది. మీరేమీ అనలేదని, తానేమీ వినలేదని, వెళ్ళి టీ తాగమని సార్ అంటున్నారు. మీరైతే ఏం చేసేవారు?